నాటినవి కాదు, బతికినవి లెక్కించాలి

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు యూనివర్సిటీ చదువులకు వెళుతున్న రోజులివి. ఏ యూనివర్సిటీ పచ్చగా ఉంది, ఏది నీటినీ కరెంటునూ పొదుపుగా వాడుతోంది అని కూడా ఇప్పుడు మార్కులు వేస్తున్నారు. ఆ మార్కుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇండోనేషియా విశ్వవిద్యాలయంవారు 2010లో ‘గ్రీన్‌మెట్రిక్’ అనే పట్టిక మొదలుపెట్టారు. ఆవరణలో పచ్చదనం, కరెంటు, చెత్త, నీరు, రాకపోకలు అని పద్దులు పెట్టారు. మన దేశంలో 1994లో ఏర్పడిన ‘నాక్’ సంస్థ కూడా కాలేజీలను ఇటువంటి లెక్కలు అడిగింది. మంచిదే. అడిగేవాడుంటేనే చేసేవాడుంటాడు. కాని ఫారం నింపేది ఆ సంస్థలే. రుజువులు జతపరచినా, తన పేపరు తానే దిద్దుకున్నట్టు కొంత ఉండనే ఉంటుంది.

ఆ తప్పు నేనూ చేశాను. ఒక ఏడాది మా బడి పిల్లలతో వంద మొక్కలు నాటించి, ఫారంలో ‘వంద’ అని రాసి సంతకం పెట్టాను. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు నీళ్ళు ఎవరు పోస్తారని ఆలోచించలేదు. సెలవులయ్యాక చూస్తే మిగిలినవి పదకొండు. ఫారంలో మాత్రం వందే!

ఇక పెద్ద సంగతి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలున్నాయి. అది ప్రభుత్వ భూమి అని ప్రభుత్వం అన్నది. అడవి, దాన్ని కొట్టవద్దని విద్యార్థులు అన్నారు. 2025 మార్చి చివర యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అప్పటికే వంద ఎకరాల మేర చెట్లు పోయాయి. ఎన్ని ఎకరాల పచ్చదనం ఉందని అడగడం వేరు, అది రేపటికి నిలుస్తుందా అని అడగడం వేరు. రెండో ప్రశ్నే అసలు పరీక్ష.

కనుక మీ పిల్లల అడ్మిషనుకు వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. నిరుడు నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయి? కరెంటు వాడకం నిరుటికన్నా తగ్గిందా? హాస్టలు వాడిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

ముందుగా మన ఇంటి లెక్క. ఈ ఏడు మన సంఘం నాటించిన మొక్కలకు ఒక రిజిస్టరు పెట్టండి. వచ్చే సావనీరులో నాటిన సంఖ్య వద్దు, బతికిన సంఖ్య అచ్చు వేయండి. అది పదకొండే అయినా సిగ్గుపడనక్కరలేదు. దాచిపెడితేనే సిగ్గు.