షుగరు అంకెను చదవడం నేర్చుకుందాం



ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు తీరగ్రామాలలో తిరుగుతున్నప్పుడు మేము తరచుగా రెండు మాటలు వింటున్నాము. “ఒకసారి నూట ఎనభై వచ్చింది, ఇక నాకు షుగరు ఖాయం” అన్నది మొదటిది. “నాకే బాధా లేదు, పరీక్ష ఎందుకు?” అన్నది రెండవది. మొదటి మాట అనవసర భయాన్ని, రెండవ మాట ప్రమాదకరమైన ఆలస్యాన్ని కలిగిస్తున్నాయి.

అంకెతో పాటు అది ఏ వేళ తీసినదో తెలియాలి. ఎనిమిది గంటలు నీరు తప్ప ఏమీ తీసుకోక పరగడుపున పరీక్షిస్తే 100 లోపు మామూలు. 100 నుండి 125 వరకు హెచ్చరిక దశ. 126, ఆపైన మధుమేహం. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 లోపు మామూలు. 199 వరకు హెచ్చరిక. 200, ఆపైన మధుమేహం. రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 5.7 శాతం నుండి హెచ్చరిక, 6.5 నుండి మధుమేహం. ఈ పరీక్షకు పరగడుపున ఉండనక్కరలేదు. అయితే రక్తహీనత ఉన్నవారిలో దీని ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

కనుక భోజనమైన గంటకు వేలి చుక్కలో 180 కనబడితే అది తీర్పు కాదు, మరల పరీక్షించుకొమ్మనే సూచన. ఖర్జూరం తిన్న చేయి కడుక్కోక వేలు పొడిపించుకుంటే ఆ తీపి కూడా అంకెలో చేరుతుంది. వ్యాధి నిర్ధారణకు నరం నుండి తీసిన రక్తాన్ని ల్యాబులో పరీక్షించాలి. లక్షణాలు లేనివారికి రెండు ఫలితాలు హద్దు దాటితేనే నిర్ధారిస్తారు. అతిదాహం, అతిమూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉండి ఏ వేళనైనా 200 దాటితే ఆ ఒక్కటే చాలు. అంకె బాగా పెరిగి వాంతులు, ఆయాసం, మగత కనబడితే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి హెచ్చరిక దశ ఉన్నవి. హెచ్చరిక దశలో మేలుకుంటే ఫలితముంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసి 2006లో ప్రకటించిన పరిశోధనలో ఆహార నియమం, నడక పాటించినవారిలో మూడేళ్లలో మధుమేహం సుమారు 28 శాతం తగ్గింది.

జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు నిండిన ప్రతివారికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష ఉచితం. ఇది దయ కాదు, హక్కు. తల్లిదండ్రులకు షుగరు ఉన్నా, రక్తపోటు ఉన్నా, నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు మించినా ఆ వయసుకు ముందే చేయించుకోవాలి. గర్భిణులు మొదటి తనిఖీలోను, మరల 24–28 వారాలలోను చేయించుకోవాలి. అప్పుడు షుగరు కనబడినవారు కాన్పయిన ఆరు వారాలకు తప్పక పరీక్షించుకోవాలి. పసిబిడ్డ పనిలో పడి తల్లి దీనిని మరచిపోతున్నది.

రొయ్యల గుంటల పనికి, చేపల వేటకు వెళ్లేవారు ఒక పూట కూలి పోతుందని వెనుకాడుతున్నారు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే స్త్రీ తన వంతు చివరకు ఉంచుకొంటున్నది. మానని పాదపు పుండు పట్టుకుంటే పోయేది ఒక పూట కూలి కాదు, కుటుంబ జీవనాధారమే.

షుగరు ఉన్నవారు రంజాన్‌కు ఒకటి రెండు నెలల ముందే వైద్యుని సంప్రదించాలి. వేలి రక్తం పరీక్షించినందువలన ఉపవాసం భంగం కాదని పండితులు చెబుతున్నారు. అంకె 70 కన్న తగ్గినా, 300 కన్న పెరిగినా ఉపవాసం విరమించాలని వైద్యుల సూచన. రోగికి మినహాయింపును ధర్మమే ఇచ్చింది.

ప్రతి మసీదు కమిటీ ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో మాట్లాడి పనికి వెళ్లేవేళకు ముందే, తెల్లవారుజామున పరీక్ష దినం ఏర్పాటు చేయించాలని, ఆ దినాన ముందుగా స్త్రీలను పంపాలని మా విన్నపం.