తమ్ముణ్ని చూసుకునే పిల్ల



ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. నేను మా మనవడితో మొదలుపెడతాను, ఏమనుకోకండి.

మొన్న వేసవిలో మా అమ్మాయి పరీక్ష రాయడానికి వెళ్తూ పది నెలల పిల్లాణ్ని ఒక రోజుకి నాకు అప్పగించింది. 28 ఏళ్లుగా యాభై మందిని ఒక్క చూపుతో కూర్చోబెడుతున్నదాన్ని, ఒక్క పసివాడు ఏపాటి అనుకున్నాను. ఫజర్ నమాజుకు నిలబడ్డానో లేదో లేచాడు. సజ్దాలోకి వెళ్తే వీపెక్కాడు. పొయ్యి మీద టీ పెడితే గిన్నెల మూతలన్నీ కింద పడేశాడు. అవి సర్దేలోపు స్నానాల గదిలో నీళ్ల బక్కెట్ పట్టుకుని నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు. నా గుండె ఝల్లుమంది. ఆ వయసు పిల్లలకు జానెడు నీళ్లు చాలు. చాప కింద ఎప్పుడో పడిన వేరుశనగ గింజను వెతికి పట్టుకుని నోటి దాకా తీసుకెళ్లాడు, చేతిలోంచి లాక్కున్నాను. కిచిడీ మెత్తగా మెదిపి పెడితే సగం వాడి కడుపులోకి, సగం నా చీర మీదికి. ఉయ్యాల ఊపి ఊపి నిద్రపుచ్చి కంచం ముందు కూర్చోగానే లేచాడు. సాయంత్రం మా వారు వచ్చి, "రోజంతా ఇంట్లోనే ఉన్నావుగా, కరెంటు బిల్లు కట్టలేదా?" అన్నారు. (ఆయన ముందు వరసలోనే ఉన్నారు.)

ఆ రాత్రి నాకు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి గుర్తొచ్చింది. వారంలో మూడు రోజులు రాదు. ఎందుకే అంటే, "తమ్ముణ్ని చూసుకుంటున్నా టీచర్" అనేది. "పక్కన పుస్తకం పెట్టుకుని చదువుకోవచ్చుగా" అని అందరి ముందూ మందలించాను. వాళ్లమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి పొద్దున్నే పోతుంది. ఆ ఘాటులోకి పసివాణ్ని ఎలా తీసుకెళ్తుంది? బి.ఎడ్.లో శిశు మనస్తత్వ శాస్త్రం చదివినదాన్నే. పాకే పిల్లాడి పక్కన పుస్తకం తెరవలేమని నాకు 54 ఏళ్లకు తెలిసింది. బడి తెరిచాక వాళ్లింటికి వెళ్లి, తప్పు నాదేనమ్మా అన్నాను. తమ్ముణ్ని చంకనేసుకునే నాకు టీ పెట్టింది.

అంగన్‌వాడీ ఉందిగా అంటారు. అక్కడి ఆటపాటల చదువు మూడేళ్లు నిండినవాళ్లకు. అంతకన్నా చిన్నవాళ్లకు పోషకాహారం అందుతుంది గాని, చాలాచోట్ల తల్లి పని నుంచి వచ్చేదాకా పెట్టుకుని చూడరు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. పదిమంది కూర్చుని తొడిమలు తీసే షెడ్డుకు అది వర్తించదు.

వెనక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు కష్టపడుతుందని ప్రవక్త (స) నమాజునే కుదించేవారని బుఖారీ హదీసుల్లో ఉంది. మనం మాత్రం ఆ పిల్లకు స్కాలర్‌షిప్ ఇచ్చి, హాజరు లేదని మరుసటి ఏడాది ఆపేశాం. ఆ కాగితం మీద నా సంతకమూ ఉంది.

సొసైటీ భవనంలో కింది గది బడి వేళల్లో తాళం వేసే ఉంటుంది. ఇద్దరు ఆయాల జీతం, చాపలు, ఉయ్యాలలు, పాలు, కిచిడీ, గుమ్మానికి అడ్డంగా ఒక చిన్న తలుపు. పదిమంది పిల్లలతో మొదలుపెట్టవచ్చు. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా అన్నది ఆలిములను అడుగుదాం. అప్పటిదాకా సదఖాగా ఇవ్వండి.

వచ్చే ఆదివారం పదింటికి ఆ గది తెరిచి చూస్తాం. రాదలచినవాళ్లు నాతో చెప్పండి. మనవడు మళ్లీ మా ఇంట్లోనే ఉన్నాడు, ఆ పూటకు వాణ్ని మా వారికి అప్పగించి వస్తాను.