పరదేశంలో కఫీల్ నీడన

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లోనూ, కడప, గోదావరి జిల్లాల్లోనూ గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. ఆ గల్ఫ్‌లో మనిషిని పరాయివాణ్ణి చేసేది ఎవరో విసిరిన మాట ఒక్కటే కాదు, చట్టం కూడా. ‘కఫాలా’ పద్ధతిలో వలస కార్మికుడి నివాస అనుమతి ఒక యజమానితో ముడిపడి ఉంటుంది. ఆ యజమానే కఫీల్. జీతం ఇవ్వలేదని పని మానేసి బయటికొస్తే, ‘పారిపోయాడు’ అని కఫీల్ ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు బాకీ రావలసినవాడే పోలీసులకు దొరక్కుండా తిరగాలి. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

యజమాని ఒప్పుకోకపోయినా ఉద్యోగం మారే వీలును ఖతర్ 2020లో కల్పించింది. సౌదీ 2021లో కొంత సడలించింది గానీ, ఇంటిపనివాళ్లను అందులో చేర్చలేదు. మన ఆడవాళ్లు ఎక్కువమంది వెళ్లేది ఆ ఇంటిపనికే. వంటింటి పక్కన చిన్న గది, యజమానురాలి బీరువాలో పాస్‌పోర్టు, ఫోను ఎప్పుడిస్తారో తెలియదు. తనిఖీ అధికారి ఆ గడప తొక్కడు.

అందుకే వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఉంచి వెళ్లండి. ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టుతో ఉద్యోగ వీసా మీద వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. ముందు విజిట్ వీసా మీద విమానం ఎక్కేయమనే ఏజెంటు మాట వింటే ఆ రక్షణ కూడా ఉండదు.