జనాభా లెక్కలూ, జీతాలూ, కుర్దులూ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి డి.ఏ. బకాయిలు కాక వేరే విషయం మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. నేను ఎంచుకున్నది ఇరాక్ కుర్దుల సంగతి. అంత దూరపు గొడవ మనకెందుకని కొందరు అనుకోవచ్చు. కాస్త ఓపికగా వినండి. అందులో సగం మన కచేరీ వ్యవహారమే.

కుర్దులు సుమారు మూడు కోట్లమంది. టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియాల సరిహద్దు కొండల్లో ఉంటారు. 1920 సెవ్ర్ ఒడంబడికలో వారికి స్వరాజ్యం వచ్చే వీలు రాశారు. 1923 లోసాన్ ఒడంబడిక వచ్చేసరికి ఆ మాటే లేదు. నాలుగు దేశాల కథా చెప్పాలంటే ఈ సాయంత్రం చాలదు గనుక ఇరాక్‌తో సరిపెడతాను.

1970 మార్చి 11న బాగ్దాదు ప్రభుత్వానికీ, కుర్దుల నాయకుడు ముస్తఫా బర్జానీకీ ఒప్పందం కుదిరింది. కుర్దులు ఎక్కువగా ఉన్నచోట వారి భాష అధికార భాష అవుతుంది, నాలుగేళ్లలో స్వయంపాలన వస్తుంది. చిక్కల్లా కిర్కుక్ దగ్గర వచ్చింది. 1927 నుంచి అక్కడ చమురు పడుతోంది. ఆ ఊరు ఎవరిదో జనాభా లెక్కలు తీసి తేలుద్దామన్నారు. 1957 లెక్కల్లో మాతృభాష అడిగారు. జిల్లా మొత్తంలో కుర్దులు నూటికి 48 మంది, పట్టణంలో మాత్రం టర్కమెన్లు ఎక్కువ. కొత్త లెక్కలు వాయిదా పడ్డాయి. ఊరు ఎవరిదో తేల్చే ఆ లెక్కలు మాత్రం తీయనేలేదు.

నేను 1981లోనూ, 1991లోనూ జనాభా లెక్కల డ్యూటీ చేసినవాణ్ణి. మనకది ఎండలో ఇల్లిల్లూ తిరిగే చాకిరీ. అక్కడ ఒక కాలమ్ నింపితే ఒక జిల్లా చేతులు మారుతుంది. ఎవరూ ఆ కాలమ్ నింపనివ్వరు.

1974లో మళ్లీ యుద్ధం. బర్జానీ ఇరాన్ షాను నమ్ముకున్నాడు. 1975 మార్చిలో అల్జీర్సులో షా, సద్దాం రాజీపడ్డారు. కుర్దులకు అందుతున్న సాయం ఒక్కసారిగా ఆగింది, పోరాటం కూలిపోయింది. తరువాత కిర్కుక్ జిల్లా హద్దులు కత్తిరించి, కుర్దు తాలూకాలను పక్క జిల్లాల్లో కలిపేశారు. అరబ్బులమని రాసి సంతకం పెట్టమంటూ కుర్దులకు, టర్కమెన్లకు ‘జాతి సవరణ’ ఫారాలు ఇచ్చేవారు.

1987 అక్టోబరులో లెక్కలు తీశారు. నిషేధ ప్రాంతమని ప్రకటించిన పల్లెల వాళ్లు, ఊరు వదిలి సర్కారు చూపించిన చోటికి వస్తేనే నమోదు. రానివారికి పౌరసత్వం లేదు. అంతకు ముందే, జూన్ 20న, ఆ ప్రాంతం పెత్తనం చేస్తున్న అలీ హసన్ అల్ మజీద్ 4008 నంబరుతో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఆ పల్లెల్లో దొరికిన 15 నుంచి 70 ఏళ్ల వారిని విచారించి, పనికొచ్చే సమాచారం రాబట్టాక చంపాలని అందులో ఉంది. నంబరు, తేదీ, ఏయే సైనిక దళాధిపతులకు పంపాలో, అన్నీ పద్ధతి ప్రకారమే. ఈ హాల్లో మనలో చాలామందికి డెబ్బై దాటింది. ఆ గీత ఎక్కడ గీయాలో ఏ ఆఫీసులోనో నోట్ పెట్టి, చర్చించి, ఖరారు చేసి ఉంటారు. ఏ గుమాస్తానో ఫెయిర్ కాపీ తీసి ఉంటాడు. నాకు రాత్రిపూట గుర్తుకొచ్చేది ఆ గుమాస్తాయే.

1988లో జరిగిన ఆ దాడులకు అన్ఫాల్ అని పేరు. ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా వదల్లేదు. చనిపోయినవారు కనీసం 50 వేలని మానవహక్కుల సంఘాలు, లక్షా 82 వేలని కుర్దులు చెబుతారు. అదే ఏడాది మార్చి 16న హలబ్జా మీద వేసిన విషవాయువుకు సుమారు 5 వేల మంది బలయ్యారు. 1991 తిరుగుబాటులో కుర్దులు పోలీసు కచేరీలు పట్టుకున్నప్పుడు కాగితాలు తగలబెట్టకుండా భద్రం చేశారు. 18 టన్నుల ఫైళ్లు అమెరికాకు చేరాయి. హత్యలకు రుజువులు ఆ కట్టల్లోనే దొరికాయి. మజీద్‌ను 2010లో ఉరితీశారు.

1991 అక్టోబరులో సద్దాం ఉత్తరాది నుంచి తన ఉద్యోగులను వెనక్కి పిలిచి, అక్కడి జీతాలు ఆపేశాడు. కుర్దులు 1992లో ఎన్నికలు పెట్టుకుని సొంత ప్రభుత్వం నడుపుకున్నారు. తప్పంతా బాగ్దాదుదే అనడానికి కూడా లేదు. వారి రెండు పెద్ద పార్టీలు 1994 నుంచి నాలుగేళ్లు తమలో తామే కొట్టుకున్నాయి. 1996లో ఒక పార్టీ సాక్షాత్తు సద్దాం సైన్యాన్నే ఎర్బిల్‌కు పిలిచింది!

2005 రాజ్యాంగం కుర్దు ప్రాంతాన్ని గుర్తించింది. 140వ అధికరణం ప్రకారం 2007 ఆఖరులోగా కిర్కుక్‌లో లెక్కలు తీసి, ప్రజాభిప్రాయం అడగాలి. గడువు దాటిపోయింది. 2014లో చమురు అమ్మకం తగాదాతో బడ్జెట్ వాటా ఆగింది. అక్కడి నుంచి ఉద్యోగుల, పింఛనుదారుల అవస్థ మొదలు. 2016లో కుర్దు ప్రభుత్వమే ఉద్యోగుల జీతాల్లో కోతపెట్టి, ఆ కోతకు ‘పొదుపు’ అని పేరు పెట్టింది. మన ఖజానా అధికారులకు కూడా తట్టని ఉపాయం! 2017 సెప్టెంబరు ఓటింగులో నూటికి 92 మందికి పైగా స్వాతంత్ర్యమే కావాలన్నారు. మూడు వారాలకల్లా ఇరాక్ సైన్యం కిర్కుక్‌ను తీసుకుంది.

2024 ఫిబ్రవరిలో బాగ్దాదులోని ఫెడరల్ సుప్రీంకోర్టు, కుర్దు ప్రాంతపు ఉద్యోగులకు కేంద్రమే నేరుగా జీతాలివ్వాలని తీర్పు చెప్పింది. అయినా 2025 మే నెలలో చెల్లింపులు మళ్లీ నిలిచాయి. జులైలో రాజీ కుదిరి, సెప్టెంబరులో చమురు ఎగుమతి మొదలైంది. కొండల్లో తుపాకీ పట్టిన వారి పిల్లలు ఇప్పుడు బ్యాంకు ముందు క్యూలో నిలబడ్డారు. నన్నడిగితే ఈ పోరాటమూ తక్కువది కాదు.

2024 నవంబరులో ఇరాక్ అంతటా జనాభా లెక్కలు తీశారు. కుర్దు ప్రాంతంతో సహా దేశమంతా లెక్కించడం 1987 తరువాత అదే మొదలు. ఫారంలో జాతి అనే కాలమ్ మాత్రం పెట్టలేదు.