విని దాచుకునే చెవి



ఈ ఉపన్యాసం ఏ తల్లి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆమె పేరు అచ్చులో వేయవద్దని ఆ ఇంటివాళ్లు కోరారు. అందుకని అమ్మగారు అనే అంటాను. మీరంతా పిలిచింది కూడా అలాగే. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి అండమాన్ దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో స్థిరపడి, ఆడవాళ్ల ప్రార్థన కూడిక నడిపిన మనిషి. ప్రసంగాలు చేసింది లేదు. ఎవరు ఏ బరువు తెచ్చి చెప్పుకున్నా వినేది, వాళ్లతోపాటు మోకరించేది, లేచాక ఆ మాట మళ్లీ ఎత్తేది కాదు. అసూయ గురించి, దాచిన పాపం గురించి, ఒప్పుకోలు గురించి నేను చెప్పాలనుకున్నదంతా ఆ గుణం చుట్టూనే తిరుగుతుంది.

ముందు మనం నిలబడ్డ నేలను చూడండి. 1858లో ఆంగ్లేయులు ఇక్కడ ఖైదీల స్థావరం పెట్టారు. ఆ రోజుల్లో ఖైదీ మెడలో చెక్క బిళ్ల ఒకటి వేలాడేది. ఏ సెక్షన్ కింద శిక్ష పడింది, ఏ తేదీన పడింది, విడుదల ఎప్పుడు అన్నది దాని మీద ఉండేది. చేసిన నేరాన్ని మెడలో వేసుకుని మనుషులు ఈ అడవులు నరికారు, ఈ రోడ్లు వేశారు. కొన్నేళ్లు మంచిగా మెలిగినవాళ్లకు సొంత సాగుకు, పెళ్లికి అనుమతి దొరికేది. వాళ్ల సంతతినే లోకల్ బార్న్ అంటున్నాం. నేను చూసినంతలో ఆ కుటుంబాల మధ్య ఒక మర్యాద ఉంది. మీ తాత ఏం చేసి వచ్చాడని ఎవరూ ఎవరినీ అడగరు. ఆ మర్యాద మన సంఘాలకు ఇంకా అబ్బలేదని నా బాధ.

అసూయకు ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు. దొంగతనానికి పోయిన సొత్తు ఉంటుంది, వ్యభిచారానికి విరిగిన ఇల్లు ఉంటుంది. అసూయకు సాక్ష్యం దొరకదు. పక్కింటి కుర్రాడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని తెలిసి "దేవునికి స్తోత్రం" అంటూనే లోపల మండిపోవచ్చు. ఎదురింటివాళ్లు కొత్త ఇంజనుతో డింగీ దించితే ప్రార్థనకు వెళ్లి, కేకు తిని, ఇంటికొచ్చి ఆ డబ్బు ఎక్కడిదో లెక్కలు కట్టవచ్చు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఈ దీవుల్లో ఎంతో సాయం పంచారు. సాయం పంచిన ప్రతి చోటా తన చేతిలో పడింది చూసుకోకుండా పక్కవాడి చేతిలోకి చూసే కళ్లు ఉంటాయి. సంఘంలో మరీ సులువు. ఆమెకే పాట ఎందుకిచ్చారు? వాళ్ల పిల్లవాడినే సండే స్కూలుకు పెద్దను ఎందుకు చేశారు? ఈ ప్రశ్నలు భక్తి మాటల్లో వస్తాయి కనుక అడిగేవాడికి కూడా తన కడుపుమంట కనిపించదు.

బైబిలు ఈ విషయాన్ని చిన్నదిగా చూడలేదు. మొదటి హత్య అన్నదమ్ముల మధ్య ఓర్వలేనితనం వల్ల జరిగింది. యోసేపును అన్నలు అమ్మేసింది ఓర్వలేకనే. యేసును ప్రధాన యాజకులు అప్పగించింది అసూయ చేతనేనని పిలాతుకు కూడా తెలుసని మత్తయి రాశాడు. ఆ అన్యుడికి కనిపించింది ఆలయంలో ఉన్నవాళ్లకు కనిపించలేదు!

సౌలు కథ దగ్గర కొంచెం ఆగుదాం. గొల్యాతు పడ్డాక స్త్రీలు ఎదురొచ్చి పాడారు. రాజుకు వేలు, దావీదుకు పదివేలు లెక్కగట్టారు. ఆ రోజు నుంచి సౌలు చూపు మారిపోయింది. ఇది మనకు తెలిసిందే. కానీ అదే అధ్యాయంలో అదే ఇంట్లో ఇంకొకడున్నాడు. యోనాతాను. నిజంగా నష్టపోయేది అతడు. సింహాసనం అతడికి రావలసింది. అటువంటివాడు తన పైవస్త్రం, కత్తి, విల్లు, నడికట్టు తీసి గొర్రెల కాపరి చేతిలో పెట్టాడు. సౌలుకు అప్పటికి పోయిందేమీ లేదు, ఒక పాటలో రెండో స్థానం తప్ప. ఎంత పోగొట్టుకున్నామన్న దాన్నిబట్టి అసూయ పుట్టదని ఈ తండ్రీ కొడుకులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా చూడండి. యోనాతాను తన ప్రేమను వస్తువుల్లో చూపించాడు. సౌలు తన అసూయను ఒక్కసారి కూడా పేరుపెట్టి ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే దావీదు మీదికి విసిరిన ఆ ఈటె గోడకు గుచ్చుకునేది కాదేమో.

దాచిన పాపం అనగానే ఆకాను గుర్తొస్తాడు. యెరికో కొల్లలో షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి తీసి డేరా అడుగున పాతిపెట్టాడు. దాని ఫలితంగా హాయి పట్టణం దగ్గర యుద్ధంలో 36 మంది చచ్చిపోయారు. ఆ కథ 1907 జనవరిలో కొరియాలోని ప్యాంగ్యాంగ్‌లో మళ్లీ లేచింది. గిల్ సొన్‌జు అనే సంఘ పెద్ద జనం ముందు లేచి నేనే ఆకానును అన్నాడు. చనిపోతూ ఒక స్నేహితుడు తన భార్య కోసం ఆస్తి చూసుకోమని అప్పగిస్తే అందులో కొంత సొమ్ము తీసుకున్నానని, తెల్లారగానే ఆ వితంతువుకు ఇచ్చేస్తానని చెప్పాడు. ఆ తర్వాత ఆ పట్టణంలో ఒప్పుకోళ్లు ఆగలేదు. అంతకు ముందే, 1906లో, ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల తెలుగు బాప్టిస్టు సంఘాల్లోనూ అటువంటి ఉజ్జీవమే వచ్చింది. మనవాళ్లు రాత్రంతా ఏడుస్తూ పాపాలు పేరుపెట్టి చెప్పుకున్నారు.

పేరుపెట్టి అన్న మాటను గట్టిగా పట్టుకుంటున్నాను. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మన నోట ఉన్నాయి. ఆయన పాటల్లో పశ్చాత్తాపం నిజమైన కన్నీళ్లతో వచ్చింది. మనం మాత్రం ఆ పాట పాడి, పాపినని రాగం తీసి, లేచి వెళ్లిపోతున్నాం. పాపిని అనడానికి ఎవరికీ కష్టం లేదు. ఫలానా ఇంటి పిల్ల మీద లేని మాట నేనే పుట్టించానని అనడానికి గొంతు పెగలదు.

అయితే ఒకటి. సభలో మైకు ముందు ఒప్పుకోవడమే గొప్ప అనే ఆలోచన నాకు నచ్చదు. ఉపవాస కూడికల్లో మనుషులను బలవంతంగా లేపడం, ఒకరిని చూసి ఒకరు పెద్ద పాపం చెప్పాలని పోటీపడడం మీరూ చూసే ఉంటారు. ఇటువంటి ఒప్పుకోలు గురించి చట్టం ఏమంటుందో చూడండి. 1872లో భారత సాక్ష్య చట్టం వచ్చింది. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా వాడకూడదని ఆ చట్టం చెప్పింది. బెదిరింపుతోనో ఆశపెట్టో అధికారం ఉన్నవాడు రాబట్టిన ఒప్పుకోలు కూడా చెల్లదంది. ఇప్పటి కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. వలస ప్రభుత్వం చేసిన చట్టానికి ఉన్నపాటి వివేకం సువార్త చెప్పేవాళ్లకు ఉండొద్దా?

మన సంఘాల్లో ఒప్పుకోలు ఎందుకు ఆగిపోయిందో నా లెక్క చెబుతాను. పశ్చాత్తాపం లేక ఆగలేదు. చెప్పుకున్న మాట సాయంత్రం ఫెర్రీ ఎక్కి ఛాతం చేరుతుంది, రేపు జంగ్లీఘాట్‌లో దాని గురించి మాట్లాడుకుంటారు. పోయిన వారం అయ్యగారి దగ్గర ఏడ్చిన మనిషి, ఈ ఆదివారం ప్రసంగంలో పేరు లేని ఉదాహరణగా తన కథే వింటాడు. పేరు చెప్పకపోతే ఏం, ఊరు ఇంతే కదా. ఆ మనిషి ఇంక జన్మలో నోరు విప్పడు. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండని యాకోబు రాసింది వింటున్నవాడి మీద కూడా భారం పెడుతుంది. జాన్ వెస్లీ 1738లో చిన్న గుంపులకు నియమాలు రాసినప్పుడు మగవాళ్లను మగవాళ్లతో, ఆడవాళ్లను ఆడవాళ్లతో, కొద్దిమందిగా కూర్చోబెట్టాడు. ప్రతి వారం తెలిసి చేసిన పాపం ఏమిటని ఒకరినొకరు అడగమన్నాడు. అమ్మగారు వెస్లీని చదివి ఉండకపోవచ్చు. ఆమె కూడికలో జరిగింది అదే.

విన్నది దాచుకోవడానికి ఒక హద్దు ఉంది. పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిస్తే అది సంఘ రహస్యం కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, పాస్టరైనా సరే. ప్రార్థన చేసి సర్దుబాటు చేశామనడం ఆ బిడ్డ పట్ల రెండో పాపం.

చివరిగా, యువకులు ఎక్కువగా అడిగే ప్రశ్న. నేను ఫలానావాడిమీద అసూయపడ్డాను, వెళ్లి అతనితో చెప్పాలా? లోపలే ఉండిపోయి, అతనికి ఏ నష్టమూ జరగకపోతే చెప్పవద్దంటాను. నీ బరువు దించుకోవడానికి అతని మనసులో రాయి వేయడం ఎందుకు? దేవునితో చెప్పుకో. నోరు కట్టుకోగల ఒక్క మనిషితో చెప్పుకో. ఆ తర్వాత అతనికి చేతితో ఒక మేలు చెయ్యి, యోనాతాను చేసినట్టు. కానీ ఆ అసూయ నీ నోట మాటై బయటికి వచ్చి ఉంటే దారి వేరు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు, జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. కనుక అతని దగ్గరికి వెళ్లు. అంతకంటే కష్టమైనది, అతని మీద ఆ మాట ఎవరెవరి చెవిలో వేశావో వాళ్ల గడపలన్నీ మళ్లీ ఎక్కు. నేను చెప్పింది నిజం కాదు, ఓర్వలేక అన్నాను అని వాళ్లతో చెప్పు. ఒక్క గడప కూడా వదలకు.