ఇంజిను కడిగిన మర్నాడు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వినడానికి చాలా చిన్నది. దసరా వస్తోందంటే ఆయుధపూజ కోసం బానెట్ ఎత్తి ఇంజిను కడుగుతాం. కొందరు కడిగించి మరీ ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడికి పూజకు తీసుకుపోతారు. మర్నాడు సెల్ఫ్ కొడితే బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. స్టార్టవుతుంది గాని నిలబడదు. పికప్ ఉండదు. మెకానిక్కుల మాటలో చెప్పాలంటే ‘మిస్సింగ్ కొడుతోంది’. ఇది ఎందుకు వస్తుంది, ఇంటి దగ్గర మనం ఏం చూసుకోవచ్చు, ఏం ముట్టుకోకూడదు అన్నవే నేను చెప్పబోయే సంగతులు.

చిన్న విషయమే అయినా మన వయసు వారికి దీని బరువు వేరు. మనలో చాలామందికి కారు ఉన్నది షికార్లకు కాదు. నెలనెలా ఆసుపత్రికి చెకప్పుకు వెళ్ళడానికి, అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా బయలుదేరడానికి. అలాంటి బండి ఎన్.ఎ.డి. జంక్షన్లో లారీల మధ్య ఆగిపోతే పక్క సీట్లో కూర్చున్న మనిషి గతేమిటి? ఇక రెండవది డబ్బు. పండుగ మర్నాడు అవసరంలేని సామాను మార్పించి పెట్టే ఖర్చు పెన్షనుదారుకు నెల బడ్జెట్టును తలకిందులు చేస్తుంది.

ముందుగా కారణం చూద్దాం. పెట్రోలు ఇంజిన్లో 12 వోల్టుల బ్యాటరీ కరెంటును ఇగ్నిషన్ కాయిలు పదిహేను వేలు, ఇరవై వేలు, ఒక్కోసారి ముప్పై వేల వోల్టుల దాకా పెంచుతుంది. ఆ కరెంటు ప్లగ్గు కొసన మిల్లీమీటరుకు అటూఇటూగా ఉండే సందును దూకితేనే నిప్పురవ్వ పుడుతుంది. అయితే సిలిండరులో గాలి నొక్కుకుని ఉంటుంది కనుక బయట గాలిలో దూకినంత సులువుగా అక్కడ దూకలేదు. కరెంటుకు సులువైన దారి దొరికితే కష్టమైన దారిన పోదు కదా. ప్లగ్గు పైభాగమో, వైరు తొడుగో, డిస్ట్రిబ్యూటర్ క్యాపో తడిగా ఉంటే ఆ తడి వెంట జారి ఇంజిను ఇనుములోకి దిగిపోతుంది. ఆ సిలిండరు ఉత్తినే తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల అంబాసిడర్లో ఒకటి పోతే నాలుగో వంతు బలం పోయినట్టు, మూడు సిలిండర్ల మారుతి 800లో ఒకటి పోతే మూడో వంతు పోయినట్టు. అందుకే ఆ వణుకు.

అందరూ ఒకటి గమనించే ఉంటారు. బండి నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, సింహాచలం ఘాటు ఎక్కేటప్పుడు దగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, రవ్వ దూకడానికి మరింత వోల్టేజి కావాలి. అప్పుడు తడిదారి ఇంకా సులువవుతుంది. కాబట్టి ఇంటి గుమ్మం ముందు బాగా పలికిందని నమ్మి దూరప్రయాణం పెట్టుకోకండి.

ఇక మన ఊరి ప్రత్యేకత చెప్పాలి. స్వచ్ఛమైన నీరు కరెంటును పెద్దగా పారనివ్వదు. కాని విశాఖపట్నంలో ఇంజిను మీద పడే నీరు స్వచ్ఛంగా ఎంతసేపు ఉంటుంది? 1933లో ఓడరేవు తెరిచారు. బైలడిల్లా నుంచి కె.కె. లైను మీద దిగే ఇనుప ఖనిజపు ఎర్రదుమ్ము, పోర్టులో దిగే బొగ్గు పొడి వన్ టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం వాసులకు కొత్త కాదు. వాటికి సముద్రపు గాలిలోని ఉప్పు తోడు. ఉప్పు, బొగ్గు పొడి, నీరు కలిస్తే కరెంటుకు చక్కని బాట పడుతుంది.

పోర్టులోనూ, స్టీల్ ప్లాంటులోనూ ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసిన మిత్రులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. సముద్రం దగ్గరి సబ్‌స్టేషన్లలో ఇన్సులేటర్లను పనిగట్టుకుని ఎందుకు శుభ్రం చేస్తారు? ఉప్పు పేరుకున్న ఇన్సులేటరు పొడిగా ఉంటే ఇబ్బంది పెట్టదు. జోరువాన పడితే ఉప్పు కడిగిపోతుంది. ప్రమాదమంతా మంచుకు, సన్నజల్లుకు. తడి చాలినంత ఉంటుంది, ఉప్పు పోదు, ఫ్లాష్ ఓవర్ అవుతుంది. మన కారుకు జరిగేదీ అదే. పైపైన నీళ్ళు చల్లితే మూలల్లోని దుమ్ము ముద్దై ప్లగ్గు వైర్ల చుట్టూ అంటుకుంటుంది. అరకొరగా కడిగిన ఇంజిను కంటె అసలు కడగని ఇంజిను నయం.

ఇప్పుడు పరీక్ష సంగతి. షిఫ్టు మారేటప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న ఏమిటి? ‘కిందటి షిఫ్టులో ఏం కదిపారు?’ అని. కారుకూ అదే ప్రశ్న. మన సభ్యుల్లో ఒక పెద్దాయన పాత కార్బ్యురేటరు రకం మారుతి 800 ఇలాగే మొండికేసింది. చూసిన మెకానిక్కు, ‘కార్బ్యురేటర్ దింపాలి సార్, పెట్రోల్ పంపు కూడా పోయినట్టుంది’ అన్నాడు. పక్కింటి విశ్రాంత ఎలక్ట్రీషియన్ వచ్చి, ‘బావగారూ, నిన్న బండికేం చేశారు?’ అని అడిగాడు. ‘కడిగించాను’ అన్నాడాయన. ఒక పొడిగుడ్డ, అరగంట ఎండ, అంతే. కార్బ్యురేటరు, పంపు నిన్నటిదాకా పనిచేశాయి. నిన్నటికీ నేటికీ మధ్య జరిగింది నీళ్ళు పోయడం ఒక్కటే. కనుక నీళ్ళు పడిన చోటు నుంచే వెతకాలి.

వరస చెబుతాను, వీలైతే రాసుకోండి.

మొదటిది, ఇంజిను ఆపి తాళం తీసి జేబులో వేసుకోండి. కొన్ని బండ్లలో ఎలక్ట్రిక్ ఫ్యాను తాళం తీసినా దానంతటదే తిరుగుతుంది. కండువా, చీరకొంగు, చేతివేళ్ళు దాని దరికి పోనివ్వకండి. బానెట్ ఎత్తి ఎండలో గంటో రెండు గంటలో వదిలేయండి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, నీడలో త్వరగా ఆరదు.

రెండవది, చేతులు వెనక్కి కట్టుకుని కళ్ళతో చూడండి. కడిగేవాడి బ్రష్షు తగిలి ఏదైనా కనెక్టరు ఊడిందా, సన్నని రబ్బరు గొట్టం జారిందా? గొట్టం జారితే బుస్సుమని గాలి పీల్చే చప్పుడు వస్తుంది, ఇంజిను నిలకడగా తిరగదు. ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిచి కాగితం ఫిల్టరు తడిసిందేమో చూడండి. తడిసిన ఫిల్టరు ఇంజినుకు ఊపిరాడనివ్వదు. డీజిలు బండికి స్పార్కు ప్లగ్గులే ఉండవు గనుక వాళ్ళు కనెక్టర్లు, ఫిల్టరు మాత్రం చూసుకుంటే చాలు.

మూడవది, పాత బండ్లలో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి లోపలా బయటా పొడిగుడ్డతో తుడవండి. వైర్లు పీకేముందు ఏది ఎక్కడిదో తెలిసేలా గుర్తులు పెట్టుకోండి. అంబాసిడర్, పద్మిని ఇంజిన్లలో రవ్వ పడే వరస 1-3-4-2. రెండు వైర్లు తారుమారైతే ఉన్న జబ్బుకు కొత్త జబ్బు తోడవుతుంది. వైరును పట్టి లాగకండి. మొదట్లో తొడుగు పట్టుకుని తీయండి. లోపలి కార్బన్ తీగ తెగితే పైకి కనబడదు. క్యాప్ లోపల పెన్సిలు గీతలాంటి సన్నని నల్లచార ఉంటే అది కరెంటు కాల్చిన దారి. ఎంత ఆరబెట్టినా ఆ క్యాప్ పనికిరాదు, మార్చవలసిందే.

నాలుగవది, చాలా కొత్త ఇంజిన్లలో ప్లగ్గులు లోతైన గుంటల్లో ఉంటాయి. నీరు అక్కడ చేరితే ఎండకు ఆరదు. ప్లగ్గు విప్పకముందే ఆ నీటిని తీసేయాలి. ముందు ప్లగ్గు విప్పితే గుంటలోని నీరంతా సిలిండరులోకి దిగుతుంది. పంక్చరు షాపువాని కంప్రెసరు గాలితో ఊదించవచ్చు, లేదా పుల్లకు గుడ్డ చుట్టి అద్దవచ్చు. నీటిని తరిమే స్ప్రేలు దొరుకుతాయి. డబ్ల్యూడీ-40 పేరులోని రెండు అక్షరాలకు అర్థమే నీటిని తొలగించేదని. 1953లో అమెరికాలో రాకెట్ల పైరేకు తుప్పు పట్టకుండా తయారుచేశారు దానిని. అది మండే పదార్థం కనుక ఇంజిను చల్లగా ఉన్నప్పుడే కొట్టి, ఆరనిచ్చి స్టార్ట్ చేయాలి.

ఇవన్నీ చేశాక కూడా మిస్సింగ్ పోకపోతే ఏదో ఒక వైరో, కాయిలో, క్యాపో అప్పటికే నెరిసి ఉందన్నమాట. నీరు ఆ బలహీనతను బయటపెట్టింది. మల్టీమీటరు ఉన్నవారు వైర్ల రెసిస్టెన్సును ఒకదానితో ఒకటి పోల్చి చూడండి. మీటరు అసలు కదలకపోతే ఆ వైరు తెగింది. కొత్త బండ్లయితే మెకానిక్కు ఓబీడీ స్కానరు పెడతాడు. పి 0301 అని వస్తే ఒకటవ సిలిండరు, పి 0302 అని వస్తే రెండవది మిస్సవుతోందని. ఆ కోడు మీరూ రాసుకోండి. ఒక్కసారికి ఒక్కటే సామాను మార్పించండి, మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. నాలుగూ ఒకేసారి మారిస్తే జబ్బు దేనిలో ఉండేదో ఎప్పటికీ తెలియదు, బిల్లు మాత్రం తెలుస్తుంది.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఇంజిను నడుస్తుండగా ప్లగ్గు వైరు పీకి ఏ సిలిండరు చచ్చిందో చూడడం పాత అలవాటు. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్లో అది గట్టి షాకు కొడుతుంది, కంప్యూటరునూ పాడుచేయవచ్చు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్న మిత్రులు మరీ జాగ్రత్త. నడుస్తున్న ఇంజిను మీదికి వంగవద్దు. ఆ పని అబ్బాయికో అల్లుడికో అప్పగించి, మీరు దూరంగా కుర్చీ వేసుకుని సలహాలు చెప్పండి. సలహాలకు మనకు కొరత లేదు కదా!

డ్యాష్‌బోర్డు మీద ఇంజిను బొమ్మ దీపం మినుకు మినుకుమంటుంటే బండి నడపకండి. సిలిండరులో మండని పెట్రోలు సైలెన్సరు దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టరులో చేరి మండి, దానిని విపరీతంగా వేడెక్కించి పాడుచేస్తుంది. గుడ్డతో పోయే జబ్బు అలా వేల రూపాయలకు ఎక్కుతుంది. షెడ్డు తలుపులు మూసి ఇంజిను నడపడం అంతకంటె ప్రమాదం. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

కడగడానికీ, మునగడానికీ తేడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదనే తీరం దాటిన సంగతి ఎవరు మరువగలరు? అలాంటి వేళ నీటిలో నిలిచిన కారుకు పైన చెప్పిన వైద్యం పనికిరాదు. నీరు గాలి గొట్టం గుండా సిలిండరులోకి పోయి ఉంటే, సెల్ఫ్ కొట్టిన మరుక్షణం కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. అటువంటి బండికి తాళమే పెట్టకండి. ఫొటో తీసి, ఇన్సూరెన్సువారికి తెలిపి, లాగించుకుని తీసుకుపొండి.

ఇక పండుగకు కడగడం ఎలాగంటే, చల్లారిన ఇంజినుకు ముందు పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని. ఆల్టర్నేటరు, డిస్ట్రిబ్యూటరు లేదా కాయిళ్ళు, ఫ్యూజుల పెట్టె, గాలి పీల్చే మూతి వీటికి పాలిథిన్ సంచులు తొడగండి. ప్రెషర్ పంపు వద్దే వద్దు. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవండి. ఉప్పుగా ఉండే బోరు నీరు వాడకండి, కుళాయి నీరు మేలు. కిరసనాయిలు చల్లే పాత పద్ధతి మానండి. రబ్బరును తింటుంది, నిప్పంటుకునే భయమూ ఉంది. పిల్లలు ఎలక్ట్రిక్ కారో హైబ్రిడ్ కారో కొనిస్తే దాని నారింజ రంగు కేబుళ్ళ జోలికి అసలు పోకండి.

కడగడం పండుగ ముందురోజు సాయంత్రానికి పెట్టుకోక, రెండు రోజుల ముందే ఉదయం పూట పెట్టుకోండి. ఎండ ఉంటుంది, మెకానిక్కు దొరుకుతాడు, తీరికా ఉంటుంది. అయినా బండి మొరాయిస్తే ముందు తువ్వాలు తీయండి, పర్సు తరువాత తీద్దురుగాని.

టీ తరువాత వెనక వరండాలో ఒక పాత డిస్ట్రిబ్యూటర్ క్యాపు, రెండు ప్లగ్గులు, ఒక తెగిన వైరు బల్ల మీద పెడతాను. నల్లచార ఎలా ఉంటుందో కళ్ళారా చూడదలచినవారు, ముఖ్యంగా ఇంట్లో కారు నడిపే అమ్మాయిలు, కోడళ్ళు తప్పక రండి.