కొత్త కారు - అరిగిన బ్రేకులు

(జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పత్తి, మిరప పంటల సొమ్ముతోనో, సింగరేణి జీతముతోనో, బ్యాంకు అప్పుతోనో కారు కొనిన కుటుంబములు నేడు మన గ్రామములలో పెక్కు కలవు. బండి యింటికి రాగానే పూజ చేయింతుము, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కింతుము. బ్రేకుల సంగతి మాత్రము తలపెట్టము.

మేమును అట్లే చేసితిమి. కారు కొని 9 నెలలు నిండకమునుపే ముందు చక్రము వద్ద కీచుమను ధ్వని మొదలయ్యెను. దుమ్మేమోయని ఒక నెల ఉపేక్షించితిమి. అది మా తప్పు. పెక్కు కార్లలో బ్రేకు ప్యాడునకు చిన్న లోహపు రేకు అమర్చబడి యుండును. ప్యాడు అరుగగానే అది డిస్కునకు తగిలి కూయును. ఆ కూతయే హెచ్చరిక. ఒకనాడు ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని భూపాలపల్లి దారిలో బొగ్గు లారీ వెనుక పోవుచుండగా లారీ ఆగెను. మా కారు ఒక ప్రక్కకు లాగుచు, మూరెడు దూరములో నిలిచెను. అప్పుడు గాని మాకు బుద్ధి రాలేదు.

"ప్యాడ్లు అరిగెడి వస్తువులు, వాటికి వారంటీ లేదు, మీరు నడుపు తీరే కారణము" అని అమ్మినవారు చెప్పిరి. సాధారణముగా మొదటి మాట నిజమే. రెండవ మాటను మాత్రము చక్రము విప్పి చూచినగాని నమ్మరాదు.

కుడియెడమల ప్యాడ్లు సమముగా అరిగినచో నడుపువాని అలవాటును శంకింపవలెను. పెడలుపై ఎల్లప్పుడు పాదముంచుట, వేగముగా పోయి చివరి క్షణమున తొక్కుట, అధిక భారము వేయుట ఇట్టివి. వెనుక బ్రేకులే అరిగినచో చేతి బ్రేకు పూర్తిగా దింపక నడిపియుండవచ్చును. ఒకే చక్రమున, ఒకే ప్రక్క ప్యాడు అరిగినచో కాలిపరులోని పిన్నో పిస్టనో బిగిసికొని, పాదము తీసినను ప్యాడు డిస్కును వదలుట లేదని సాధారణముగా గ్రహింపవచ్చును. మా కారున ఎడమ చక్రపు లోపలి ప్యాడు మాత్రమే అరిగి యుండెను. ఫొటోలు తీసి వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసితిమి. కాలిపరును వారు ఉచితముగా మార్చిరి. ప్యాడ్ల ధర మాత్రము మేమే చెల్లించితిమి. నెల దినముల ఉపేక్షకు అది జరిమానా యనుకొంటిమి.

మీ గ్రామస్థులు ఇట్టి చిక్కుతో మీ యొద్దకు వచ్చినచో నోటిమాటతో పోరాడవద్దని చెప్పుడు. సర్వీసు కాగితములు, రసీదులు దాచుకొనవలెను. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు తెలుపవచ్చును. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, వివాదమునకు కారణము ఏర్పడిన 2 సంవత్సరములలోపల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు.

బ్రేకు ద్రవము తగ్గినచో ఊరక నింపి ఊరుకొనరాదు. అది ప్యాడ్లు అరిగినవనియో, ఎచ్చటనో కారుచున్నదనియో తెలుపును. వాగు నీటిలోనుండి బండి దాటినచో మెల్లగా పోవుచు రెండు మూడు మారులు బ్రేకు తొక్కి ఆరబెట్టవలెను.

మరియొక మాట. పల్లె ప్రగతి కార్యక్రమము నాటి నుండి పంచాయతీలకు ట్రాక్టర్లు కలవు. ట్రాక్టరునకు కుడియెడమ చక్రములకు వేర్వేరు బ్రేకు పెడళ్లుండును. పొలములో మలుపునకవి విడిగా ఉపయోగించును. రోడ్డుపై మాత్రము రెంటిని కొండితో కలిపియే నడుపవలెను. లేనిచో ఒక ప్రక్కనే బ్రేకు పడి ట్రాక్టరు తిరుగబడును. చెత్త ట్రాలీ, నీటి ట్యాంకరు తగిలించినప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరము. డ్రైవరు దీనిని పాటించుచున్నాడో లేదో మీరు స్వయముగా చూడుడు.

బండి పరుగెత్తుట గొప్ప కాదు, తలచినచోట ఆగుట గొప్ప. కూత విననైన దినముననే చక్రము విప్పించుడు. జైహింద్!